గోరింట పూసిన సాయంత్రం

మొన్న కోలారులో బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే ఎవరి కంచె మీదనుంచో గోరింట వాసన గుప్పుమంది. ఆకుది కాదు, పువ్వుది. అక్కడే నిలబడిపోయాను. శాంతమ్మక్క గొంతు చెవిలో మోగినట్టయింది.

పెళ్లయి బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌కు వెళ్లేదాకా నేను శ్రీనివాసపురం మామిడి తోటల్లో పెరిగినదాన్ని. అక్కడేమో గాలి వీస్తే చాలు, బంగారం తీసేశాక గనిమట్టి పోసిన సైనైడ్ దిబ్బ మీది తెల్లదుమ్ము పెరటినిండా పరుచుకునేది. ఆశగా నాటిన మల్లె మాడిపోయింది. పుట్టింటికి వెళ్లిపోతానని మా ఆయనతో రోజూ పేచీ. పక్కింటి శాంతమ్మక్క, నర్సుగా చేసి రిటైరైన మనిషి, గోడ మీదుగా అదంతా విన్నట్టుంది. ఓ ఆదివారం సుగటూరులోని తన పుట్టింటినుంచి గోరింట కొమ్మలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నాకు పూలచెట్టు కావాలక్కా," అన్నాను.

"ఇదీ పూలచెట్టే పాపా. ఎవురూ పూయనీయరు, అంతే. నువ్వు యాడన్నా గోరింట పువ్వు చూసినావా?"

చూడలేదు. మా ఊళ్లో చిగురు వేయడం ఆలస్యం, దూసేసేవాళ్లు. ఇంక నాకు పట్టుదల వచ్చింది. ఇద్దరం గుంత తవ్వి, ఎర్రమన్నూ పేడా కలిపి నింపాం. రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోశాను. మరుసటేడాదికి చెట్టు నా భుజాలదాకా వచ్చింది. అంతలో ఆషాఢం. మా గని క్వార్టర్ల లైనులోని ఆడవాళ్లంతా గిన్నెలు పట్టుకుని ఆకు కోసుకోవడానికి వచ్చేశారు. కాదనడానికి నాకు నోరు రాలేదు. శాంతమ్మక్క గేటుకు అడ్డంగా నిలబడింది.

"ఈ ఏడు దీని జోలికి రావద్దండమ్మా. ఇది పూయాల."

"పూలకని గోరింట పెంచేది ఎవురక్కా?" అని వాళ్లు పకపకా నవ్వారు.

"ఈ పాప పెంచతా ఉండాది!"

ఆ ఊళ్లో నా తరఫున ఒకరు అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

కొన్నాళ్లకు ఓ సాయంత్రం రాగిపిండి కలుపుతుంటే తలుపు దబదబా మోగింది. "పూసింది పాపా! బిరీన రా!" చెయ్యి కడగకుండానే పరుగెత్తాను. కొమ్మల చివర మీగడరంగు గుత్తులు. ఆ వాసనకు తల తిరిగిపోయింది! అక్క అంతటితో ఆగలేదు, లైను పొడుగునా తలుపులు కొట్టుకుంటూ పోయింది. నవ్వినవాళ్లే వచ్చి గుత్తుల్లో ముఖాలు దాచుకున్నారు. "నాకూ ఒక కొమ్మ ఇయ్యమ్మా," అని ఒకావిడ నన్ను అడిగింది. నన్ను! పుట్టింటి పేచీ మళ్లీ నా నోట రాలేదు.

అక్క పోయి చాలా ఏళ్లయింది. సంతోషాన్ని ఒక్కదాన్నే దాచుకోవడం మాత్రం నాకింకా చేతకాదు. పోయిన వారం మా అమ్మాయి ఉద్యోగం వచ్చిందని ఫోను చేయగానే ఇక్కడి పక్కింటావిడ తలుపు బాదేశాను. ఆవిడ హడలిపోయి, "ఏమైందమ్మా?" అంటూ బయటికి వచ్చింది.

"మంచి సంగతే, రా!" అంటూ చెయ్యి పట్టి లాక్కొచ్చాను.