బొటనవేలంత ముక్క

మేడమ్ పోయారన్న కబురు పొద్దున్నే ఫోన్‌లో వచ్చింది. ఆమె దగ్గర పనిచేసే చిన్న డాక్టరమ్మ చెప్పింది. హైదరాబాద్‌లో, గుండె ఆగి పోయారట. నాకప్పుడు ఎనిమిదో నెల. ఫోన్ పక్కన పెట్టి రెండు చేతులూ పొట్ట మీద వేసుకున్నాను. ఏడుపు రాలేదు. ఉన్నమాట చెబుతున్నాను, భయమేసింది. నా మొదటి బిడ్డ కడుపులోనే పోయింది కూడా ఎనిమిదో నెలలోనే. ఈసారి నన్ను గట్టెక్కించాల్సిన మనిషే లేకుండా పోయారు.

మేడమ్ వనపర్తిలో ప్రసవాల డాక్టరు. అయితే ఆమెకు ఇష్టమైన పని ప్రసవం అయ్యాకే మొదలయ్యేది. బిడ్డతోపాటు బయటికి వచ్చే మాయ మీద ఆమె పరిశోధన చేసేవారు. కొందరు గర్భిణులకు ఉన్నట్టుండి బీపీ ఎందుకు పెరుగుతుంది, ఫిట్స్ ఎందుకు వస్తాయి, కడుపులో బిడ్డ ఎందుకు ఎదగదు, వీటికి జవాబు మాయలోనే దొరుకుతుందని ఆమె నమ్మకం. దవాఖాన చివర ఆమెకో చిన్న గది ఉండేది. అందులో సూక్ష్మదర్శిని పక్కనే పసుపు డబ్బా. బల్ల కింద సంతలో కొన్న మట్టి ముంతలు, వరుసగా బోర్లించి ఉండేవి. ఆ ముంతల సంగతి తెలియాలంటే మా అత్తమ్మ చేసిన గొడవ చెప్పాలి.

మాది కోడేరు దగ్గర పల్లె. మా ఇళ్లల్లో మాయను ముంతలో పెట్టి, పసుపు చల్లి, పెరట్లో లోతుగా పాతిపెడతారు. కుక్క ముట్టినా, కత్తి తగిలినా ఆ కడుపున మళ్లీ బిడ్డ నిలవదని భయం. చనిపోయిన నా మొదటి బిడ్డను కన్నాక, పక్క మంచం మీది పసిపిల్ల ఏడుపు వినలేక నేను దిండు చెవులకు అదుముకుని పడుకున్నాను. సరిగ్గా అప్పుడే మేడమ్ వచ్చి మాయలోంచి చిన్న ముక్క కావాలని అడిగారు. అత్తమ్మ లేచింది చూడండి!

"సచ్చిన పిల్లది గూడ కోస్తవా డాక్టరమ్మా? నీకు జర గూడ పాపమనిపిస్తలేదా? నా కోడలి కడుపు మల్ల పండాల్నా, వద్దా?"

వార్డంతా ఇటే చూసింది. మేడమ్ కోప్పడలేదు. కొంగు నడుముకు దోపుకుని అత్తమ్మ పక్కన నేల మీద కూర్చున్నారు.

"అక్కా, మా అమ్మ నా తమ్ముణ్ణి కడుపుల వెట్టుకొనే పోయింది. కాళ్లు చేతులు కొట్టుకుంటుంటె గాలి సోకిందన్నరు, యాపమండలతోటి కొట్టిన్రు. నేను తలుపు సందులకెల్లి చూసిన. అది గాలి గాదక్కా, బీపీ. అందుకే గీ పని వట్టుకున్న. నాకు బొటనవేలంత ముక్క చాలు. మిగిలింది నీకే ఇస్త, ముంతల వెట్టే ఇస్త."

"మల్ల కడుపు నిలవకుంటె?"

"నిలవాల్ననే అడుగుతున్న."

అత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత షరతు పెట్టింది. "సరే, తీస్కో. గని మల్ల పుట్టే బిడ్డ బతకాలె. దాని మాయ నువ్వే నా చేతుల వెట్టాలె. మాటియ్యి."

ఒక్క "సరే" అంటే ఏం పోయిందని నాకు మేడమ్ మీద కోపం వచ్చింది. ఆమె అనలేదు. "మాటియ్యలేనక్కా. నాకు చేతనైనకాడికి చేస్త," అన్నారు. మాయను తీసుకుని దాదాపు పరుగెత్తారు. అది చల్లారకముందే ముక్క తీయాలట, లేకుంటే పరీక్షకు పనికిరాదట. సాయంత్రానికి ముంత మా చేతికి వచ్చింది, పసుపు చల్లి, మూతికి తెల్లగుడ్డ కట్టి.

కొన్నాళ్లకు పిలిపించి ఆ ముక్కను సూక్ష్మదర్శినిలో చూపించారు. నాకు పాలిపోయిన మచ్చలు తప్ప ఏమీ కనిపించలేదు.

"పల్లిచేనుకు నీళ్లు పారిస్తరు గద బిడ్డా. కాలువ సన్నగుంటె ఆఖరి మడికి నీళ్లందుతయా? గట్లనే నీ రక్తనాళాలు కావల్సినంత వెడల్పు కాలే. బిడ్డకు రక్తం అందలే. నువ్వు బొప్పాయి తిన్నందుకు గాదు, గ్రహణం నాడు బయటికొచ్చినందుకు గాదు. ఎవరన్న ఏమన్న అంటె నా దగ్గరికి పంపు."

"ఎందుకు వెడల్పు కాలేదు మేడమ్?"

"అదే తెల్వదు. తెలిస్తె గీ గదికి తాళమేసి ఇంట్ల కాళ్లు సాపుకొని కూసుంట."

అంతవరకూ నన్ను నేనే తిట్టుకుంటూ బతికాను. ఆ రోజు బస్సులో ఊరికి వస్తూ మొదటిసారి కడుపారా ఏడ్చాను.

రెండోసారి నెల తప్పినప్పుడు సంతోషం ఒక్కపూట కూడా నిలవలేదు. మూడో నెల నుంచే చిన్న మాత్ర ఒకటి వేసుకోమన్నారు. తల కాస్త నొచ్చినా, ఎండకు కళ్ల ముందు మెరుపులు మెరిసినా ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని దవాఖానకు పోయేదాన్ని. లోపల బిడ్డ కదలకపోతే భయం, ఎక్కువగా కదిలినా భయమే. మేడమ్ ఒకసారి బీపీ చూసి, నేను చదువు చెప్పే బడి పిల్లల గురించి ఏదో అడిగి, మళ్లీ చూసేవారు. ఎక్కువుంటే కళ్లద్దాలు తీసి తుడిచేవారు. అందుకని నేను ఆ యంత్రాన్ని చూసేదాన్ని కాదు, కళ్లద్దాలనే చూసేదాన్ని. ఒకరోజు పసిగట్టేశారు.

"నా అద్దాలు చూసి పరేషాన్ అయితున్నవా? నాకు గూడ భయమైతదే పిచ్చిదానా! భయం ఇంట్ల వెట్టుకోకు, నా దగ్గరికి పట్టుకరా."

అట్లా పట్టుకుపోవడానికి ఇప్పుడు ఆమె లేరు. కడుపుతో ఉన్నదాన్ని చావింటికి పోకూడదని నన్ను ఆపి, మేడమ్‌ను వనపర్తికి తెచ్చాక అత్తమ్మ ఒక్కతే వెళ్లింది. తిరిగొచ్చి వాకిట్లోనే స్నానం చేసింది. తల తుడుచుకుంటూ, "ఆమె చేతులు చూసిన. గా చేతులే నీ బిడ్డను పట్టుకోవాల్నని ఎంత మొక్కుకున్ననో," అంది. తల తుడుచుకోవడం ఆపి నా పొట్ట మీద చెయ్యి వేసింది, ఎంతసేపటికీ తీయలేదు. ఆమె ఎవరికీ భయపడే మనిషి కాదు. ఆమే భయపడుతుంటే ఇక నాకు దిక్కెవరనిపించింది.

వారం తిరగకముందే నా బీపీ పెరిగింది. చూపు మసకబారింది. చిన్న డాక్టరమ్మ వెంటనే ఆపరేషన్ చేసింది. మత్తులోకి జారుతూ ఆమె ముఖం వైపే చూశాను. ఆమెకు కళ్లద్దాలు లేవు. భయపడుతోందో లేదో నాకు తెలియలేదు.

ఆడపిల్ల పుట్టింది. చెంబంత కూడా లేదు. అద్దాల పెట్టెలో ఉంచారు. ఊపిరి తీసుకుంటోంది. ఇంకా గండం గడవలేదంటున్నారు. ఇది ఆ పెట్టె ఉన్న గది బయట కూర్చునే రాస్తున్నాను. లోపల ఏ యంత్రం మోగినా కలం ఆగిపోతోంది.

ఆపరేషన్ రోజు నేనింకా మత్తులో ఉన్నప్పుడు నర్సు ముంత తెచ్చి అత్తమ్మకు ఇచ్చిందట. ఇంటికి తీసుకుపొమ్మందట. "ముక్క తీస్కున్నరా?" అని అత్తమ్మ అడిగిందట. మేడమ్ లేరు కదా, ఇప్పుడు ఎవరూ తీయడం లేదని నర్సు చెప్పిందట. అత్తమ్మ ఊరికి పోలేదు. ముంతతో దవాఖాన చివరికి నడిచింది.

అక్కడ ఆమెను నా భర్త ఫోన్‌లో ఫొటో తీశాడు. రోజూ దాన్ని చూస్తున్నాను. తాళం వేసిన మేడమ్ గది తలుపుకు వీపు ఆనించి అత్తమ్మ నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో ముంత. వేడి పోకుండా దాని చుట్టూ కొంగు కప్పి, రెండు చేతులతో పొదివి పట్టుకుంది. వరండాలో పోయేవాళ్లందరినీ పిలుస్తున్నట్టు నోరు తెరిచి ఉంది. చిన్న డాక్టరమ్మ తాళంచెవి తెచ్చేదాకా ఒక్కటే మాట అంటూ కూర్చుందట.

"ఎవరన్న జల్ది రాండ్రి. సల్లారిపోతున్నది."