మొదటి ఓవరు మీద కొబ్బరి పందెం

మా బావంటే నాకెంత అసూయో లెక్క చెప్పమంటే చెప్పగలను. సరిగ్గా ఎనభై కొబ్బరికాయలు.

ఎనభైల మొదట్లో మా కొత్తపేట పక్క ఊళ్లలో ఆదివారం వచ్చిందంటే క్రికెట్టు, క్రికెట్టు ఉందంటే పందెం. పందేలన్నీ కాయల్లోనే. ఓడినవాడు తన తోటలో చెట్ల నుంచి కాయల దింపు కాగానే గెలిచినవాడింటికి కాయలు తోలాలి. కాగితం, సంతకం ఏమీ ఉండవు. కొబ్బరి వ్యాపారి ఒకాయన హైస్కూలు గ్రౌండు పక్కన మడత కుర్చీ వేసుకుని రేటు చెప్పేవాడు. రేటు చెప్పేముందు ఆయన అడిగేది ఒక్కటే మాట.

“మొదటి ఓవరు ఎవరేస్తారండీ?”

అడగడంలో అర్థం ఉంది. మేము ఆడేది పిచ్ మీద పరిచిన కొబ్బరిపీచు చాప మీద. కొత్త బంతి దాని మీద పడి మొహం మీదికి లేచేది. మొదటి నాలుగైదు ఓవర్లలోనే సగం ఆట తేలిపోయేది. అందుకని బౌలరు పేరు తెలిశాకే రేటు. అనుకున్నవాడు కాక ఇంకొకడు మొదటి ఓవరు వేస్తే, అప్పటిదాకా కట్టిన పందేలన్నీ రద్దు. మళ్లీ కొత్త రేటు, కొత్త పందెం. అది కట్టుబాటు, ఎవరూ కాదనేవారు కాదు.

రెండేళ్లపాటు మా ఊరికి మొదటి ఓవరు నాదే. మా జట్టు మీద వంద కాయలు ఒడ్డినవాడికి, గెలిస్తే వంద వచ్చేవి. సరికి సరి. నేనూ మగాణ్ణే అనుకుంటూ తిరిగాను. ఆ తర్వాత మా మేనత్త కొడుకు డిగ్రీ చదువుకని రాజోలు నుంచి మా ఇంటికి దిగాడు. నాకన్నా రెండు నెలలు పెద్ద. ఎడమచేతి వాటం. అతను మొదటి ఓవరు వేస్తే మా మీద వందకి డెబ్భైయే. అంటే, ఎలాగూ గెలిచేది మేమేనని అందరికీ నమ్మకం. అతనికి పరీక్షలుండి నేను వేసిన రోజున వందకి నూటయాభై. అంటే, గెలిస్తే అదృష్టమని. మరి నేనేం మారానండీ? నా చెయ్యి అదే, బంతి అదే, పరుగు అదే. పక్కన ఇంకొకడు నిలబడేసరికి నా ఖరీదు పడిపోయింది. డెబ్భైకీ నూటయాభైకీ తేడా, సరిగ్గా ఎనభై కాయలు.

సరే, అది కూడా ఓర్చుకునేవాణ్ణేమో. ఓర్చుకోలేనిది మా నాన్నగారి సంగతి. నేను వేసిన రెండేళ్లూ ఆయన ఒక్క కాయ ఒడ్డలేదు. ఆటల మీద పందేలేమిటని నలుగురికీ నీతులు చెప్పేవారు. బావ వచ్చి రెండు నెలలు తిరక్కుండా ఆ మడత కుర్చీ పక్కన నిలబడి, “మా అల్లుడు వేస్తున్నాడండీ, వంద నావి” అనడం మొదలుపెట్టారు. నా కడుపు మండిపోయింది. అమ్మ మీగడ పెరుగు బావ వైపు జరిపినా మండేది, అతను నా సైకిలెక్కినా మండేది. కానీ నాకు నిజంగా కావలసింది ఒక్కటే. మా నాన్నగారు ఒక్కసారి, ఒక్క వంద కాయలు నా మీద ఒడ్డాలి.

ఒక ఆదివారం, చుట్టుపక్కల అందరిలోకీ గట్టిదని పేరున్న రావులపాలెం జట్టు వచ్చింది. పొద్దున్నే బావ సైకిలు మీద పలివెల గుడికి వెళ్లాడు. ఇదే అదను అనుకుని, మా కెప్టెనుగా ఉన్న డ్రిల్లు మాస్టారి దగ్గరికి పోయాను.

“బావకి భుజం పట్టేసిందండి. మీతో చెప్పడానికి మొహమాటపడుతున్నాడు.”

“అయ్యో. మరి నువ్వేస్తావా?”

“ఆయ్, వేస్తానండి.”

కబురు కుర్చీ దగ్గరికి చేరింది. పందేలన్నీ రద్దయ్యాయి. వ్యాపారి తల గోక్కుని కొత్త రేటు చెప్పాడు. మా మీద వందకి రెండొందలు. అయినా మా వైపు ఒడ్డేవాడు ఒక్కడు లేడు. అప్పుడు మా నాన్నగారి గొంతు వినిపించింది.

“రావులపాలెం వైపు రెండొందలు నావండీ. ఎవరైనా అందుకుంటారా?”

నేను పది గజాల దూరంలో చెయ్యి తిప్పుకుంటున్నాను. ఆయన నన్ను చూశారు. చూసి కూడా గొంతు తగ్గించలేదు. కోపంతో అన్నదైతే బాగుండేది. ఆయన కోపంగా లేరు, లెక్క వేసుకున్నారంతే.

ఇంతలో బావ వచ్చాడు. డ్రిల్లు మాస్టారు భుజం ఎలా ఉందని అడిగారు. బావ నా వైపు ఒక్కసారి చూశాడు.

“ఆయ్, పట్టేసిందండి. వాడికే ఇవ్వండి బంతి.”

సైకిలుకి స్టాండు వేసి, తిన్నగా కుర్చీ దగ్గరికి వెళ్లాడు. “మావయ్యా, మీ రెండొందలకి నా వంద. రాజోలు తోటలోంచి ఇస్తాను” అన్నాడు.

ఆ రోజు బంతి వేసింది నేను కాదు, నా ఒళ్లు మంట. మొదటి ఓవర్లోనే ఇద్దరు పోయారు. మొత్తం ఆరుగురిని పడగొట్టాను. భోజనాల వేళకే మా పని సులువైపోయింది, సాయంత్రానికి గెలిచాం. అందరూ నా వీపు మీద చరిచారు, మా నాన్నగారు తప్ప.

ఇంటికి నడుస్తున్నప్పుడు ఆయన ముందు, పక్కన బావ, వెనకాల నేను. బావ భుజం మీద ఆయన చెయ్యి వేసి నడుస్తున్నారు. కాలవ గట్టు ఎక్కాక ఆగి, నా వైపు తిరిగారు. ఇప్పుడంటారు, ఏదో ఒకటి అంటారు అనుకున్నాను.

“పోతే పోయేయి రెండొందల కాయలు” అన్నారు నాన్నగారు. “నువ్వలా వేస్తావని ఊళ్లో ఒక్కడు కనిపెట్టలేకపోయేడు, నాతో సహా. వీడొక్కడే కనిపెట్టేడు. ఆట తెలియడమంటే అదిరా.”

బావ తల దించుకున్నాడు. నేను “ఆయ్” అన్నాను.

ఆ రాత్రి అన్నం సహించలేదు. మ్యాచు ఓడిపోయి ఉంటే కనీసం మా నాన్నగారు నా వల్ల గెలిచి ఉండేవారు.