న్యూరెంబర్గ్‌లో సుశీల గారు

ఈ ఉదయం విజయవాడ పటమటలో ఒక బేకరీ ముందు నుంచి వెళ్తుంటే దాల్చినచెక్క, లవంగం కలిసిన వేడి వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసన వస్తే నాకు జర్మనీలోని న్యూరెంబర్గ్ గుర్తొస్తుంది, ఆ వెంటనే సుశీల గారు. విజయవాడలో చేనేత బట్టల వ్యాపారం చేసేవారావిడ. నేత కుటుంబాల నుంచి వచ్చిన నేనూ, నా స్నేహితురాలు పద్మా ఆవిడ దగ్గర పనిచేసేవాళ్ళం.

ఒకసారి ఫ్రాంక్‌ఫర్ట్‌లో బట్టల ప్రదర్శనకు మా ఇద్దరినీ తీసుకెళ్ళారు. అక్కడ ఒకాయన గబగబా ఇంగ్లీషులో ఏదో అడిగితే, అర్థం కాకపోయినా తలూపాను. ఆరు నెలలు నేసినా తెమలనన్ని దుప్పట్లు నెలలో ఇస్తామని ఒప్పేసుకున్నానని సాయంత్రానికి తెలిసింది. సుశీల గారు వెళ్ళి ఎంత సర్దిచెప్పినా ఆయన వినలేదు. ఆర్డరు పోయింది. గదికొచ్చి ఏడ్చాను. "ఇంటికెళ్ళాక ఉద్యోగం మానేస్తానండీ," అన్నాను.

"మానేద్దువుగానిలే. రేపూ ఎల్లుండీ మనకి ఖాళీయేగా. న్యూరెంబర్గ్ పాత ఊరు చాలా బావుంటుందంట, చూసొద్దాం. ఈ రెండ్రోజులూ నేను ఓనర్ని కాదు, ముగ్గురం ఫ్రెండ్స్‌మి," అన్నారావిడ.

కోటగోడలు, ఎర్ర పెంకుల ఇళ్ళు, సన్నటి నది మీద రాతి వంతెనలు. వాటి మధ్య మంగళగిరి చీర మీద మందపాటి స్వెట్టరు, కాళ్ళకు బూట్లతో సుశీల గారు. కనబడిన ప్రతి మనిషినీ ఆపి దారి అడిగేవారు. జవాబు అర్థం కాకపోతే చెవి దగ్గర చెయ్యి పెట్టి, "సారీ అండీ, ఎగైన్ చెప్పండి," అనేవారు. మేమిద్దరం సిగ్గుతో కాస్త ఎడంగా నిలబడేవాళ్ళం. చివరికి ఒకావిడ కాగితం సంచీ మీద పటం గీసిచ్చి మరీ వెళ్ళింది.

ఆ పటం పట్టుకుని వెళ్తే ఒక సందులో చెక్కబొమ్మలు చేసే ముసలాయన కొట్టు కనిపించింది. సుశీల గారు తన సంచీలోంచి కొండపల్లి ఏనుగు బొమ్మ తీసి ఆయన చేతిలో పెట్టారు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఏదో అడిగాడు.

"నువ్వు చెప్పు మంగా."

"నాకర్థం కాలేదండీ."

"ఆ ముక్కే ఆయనకి చెప్పు."

ఆయన వైపు తిరిగి, అర్థం కాలేదని చెప్పాను. ఆయన నవ్వి, మెల్లగా మళ్ళీ అడిగాడు. ఆయన ఇంగ్లీషూ నాలాంటిదే. ఏ చెక్క అని అడుగుతున్నాడు. కొండపల్లి బొమ్మలు చేసే తేలికపాటి తెల్ల పొణికి చెక్కకి ఇంగ్లీషు మాట తెలియక, గాలిలో ఈక ఎగిరినట్టు చెయ్యి ఊపి చూపించాను. ఆయన తన చెక్కముక్క ఒకటి నా అరచేతిలో పెట్టి బరువు చూడమన్నాడు. అరగంట మాట్లాడుకున్నాం. వెళ్ళేటప్పుడు డబ్బా తెరిచి, లవంగం, దాల్చినచెక్క ఘుమఘుమలాడే బిస్కెట్లు పెట్టాడు.

తిరుగు రైల్లో సుశీల గారు అడిగారు. "ఇంతకీ ఎప్పుడు మానేస్తున్నావు?"

"ఆలోచించుకుని చెప్తానండీ."

ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టారు. "అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు."

"మాననండీ," అన్నాను. పద్మ పకపకా నవ్వింది.

సుశీల గారు పోయి మూడేళ్ళయింది. వ్యాపారం ఇప్పుడు పద్మా నేనూ చూసుకుంటున్నాం. మొన్న ఒక విదేశీ కొనుగోలుదారు వీడియో కాల్‌లో ఏవో కొలతలు చెప్పాడు. అర్థం కాలేదన్నాను. మళ్ళీ చెప్పాడు. ఇంకోసారి చెప్పమన్నాను. మూడోసారి మధ్యలో ఆగి, ఎదురుగా ఉన్న కాగితం చూసుకుని, "క్షమించండి, నేనే తప్పు చదువుతున్నాను," అన్నాడు.