సగం షట్టర్ కింద ‘రెండు జడలు’

బేరమాడటం తెలిసినవాళ్ళు మా జనగామ బజారులో చాలామందే ఉన్నారు గానీ, అక్కరలేని సరుకును అంత చవకగా, అంత పెద్ద డబ్బా నిండా కొనుక్కొచ్చిన ఘనత మాత్రం నాకొక్కదానికే దక్కింది. తెలంగాణ కోసం ఊరూవాడా రోడ్డెక్కిన ఆ రోజుల్లో పాట లేని సభ, డప్పు లేని ధర్నా ఉండేవి కావు. మా నాయిన స్టీలు సామాన్ల దుకాణంలో ఒక మూల అరను బతిమాలి సంపాదించుకుని నేను పాటల సీడీలు అమ్మేదాన్ని. (డిగ్రీ అయిపోయింది. ఇంట్లో పెండ్లి మాట వచ్చినప్పుడల్లా "దుకాణం చూస్తున్న గద" అని తప్పించుకోవడానికి నాకున్న అండ ఆ అర ఒక్కటే.)

మహబూబాబాద్‌లో ఒక హోల్‌సేల్ సేటు దగ్గర ఆ డబ్బా కనిపించింది. అట్ట మీద ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరి చేతిలో డప్పు, ఇంకొకరి చేతిలో గిటారు. ఉద్యమం పాటలే అనుకున్నాను. ఒకసారి వేసి వినిపించమని అడగవచ్చు, కానీ అడగలేదు. వింటే నచ్చుతుంది, నచ్చితే ముఖంలో కనపడుతుంది, కనపడితే ధర దిగదు. మోజు ముఖం మీదికి రానివ్వకపోవడం మా ఇంట్లో అక్షరాల కంటే ముందు నేర్పే చదువు.

"మొత్తం తీస్కుంటే సగం ధర. మల్ల వాపస్ లేదు బిడ్డా," అన్నాడు సేటు.

"సగంల సగం చెయ్యి సేటూ, నాకు రైలుకు యాళ్ళయితుంది," అని లేచి నిలబడ్డాను. వెంటనే ఒప్పుకున్నాడు. అంత వెంటనే ఒప్పుకున్నందుకైనా నాకు అనుమానం రావలసింది.

దుకాణానికొచ్చి సీడీ పెట్టి, లోపలి కాగితం చదివాక తెలిసింది. ‘రెండు జడలు’ అన్నది ఆ ఇద్దరి జట్టు పేరు. ఒకే ఇంట్లో ఒకరికొకరుగా బతుకుతూ, ఒకరి మీద ఒకరు కట్టుకున్న ప్రేమపాటలవి. ఎప్పుడో క్యాసెట్టుగా వచ్చి మాయమైన వాటిని ఎవరో మళ్ళీ సీడీగా తెచ్చారు. నాయిన చెవులు రిక్కించాడు.

"గిందుల జై తెలంగాణ ఏడున్నదే?"

"రెండో పాటల వస్తదేమో నాయినా."

రెండో పాటలో ఒకామె ఇంకొకామెను ‘నా ఇంటిదానా’ అని పిలిచింది. నాయిన తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచాడు. "గీ తెలంగాణ సమ్మె అయిపోయేటాలకు డబ్బా ఖాళీ చెయ్యి. లేకుంటే గా అరల హాట్‌ప్యాకులు పెడత. నువ్వు ఇంట్ల కూసో, సంబంధాలన్న సూస్త," అన్నాడు.

అదే సమ్మెలో బస్సులు బందయి, మేం షట్టర్ సగం దించుకుని కూర్చున్న ఒక పొద్దున, ఒక అమ్మాయి దాని కింద నుంచి వంగి లోపలికొచ్చింది. భూపాలపల్లి పిల్ల. పెద్దమ్మ ఇంటికి వచ్చి, తిరిగి పోవడానికి బస్సు లేక ఇక్కడే చిక్కుకుపోయింది. "గా జడల సీడీ పెట్టు, ఇని కొంట," అంది. మొత్తం విని సగం ధర చెప్పింది. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి నాయిన, "బోనీ గిరాకినే, ఎల్లగొట్టకు, ఇచ్చెయ్యి," అన్నాడు. పొద్దున మొదట వచ్చినవాళ్ళను ఉత్త చేతులతో పంపితే దినమంతా బేరముండదని మా బజారు నమ్మకం. ఆ పిల్లకు ఈ సంగతి బాగా తెలుసు. మర్నాడూ మా తాళం తీసేసరికే వచ్చి నిలబడింది. ఆ మర్నాడూ అంతే.

అట్లా రోజూ వినగా వినగా ఆ పాటలు నాకూ పట్టుబడ్డాయి. డప్పు ఎక్కడా గిటారును తొక్కదు, పక్కన నడుస్తుంది. ఒక పాట మధ్యలో ఇద్దరికీ నవ్వొచ్చి చరణం తప్పుతారు. మళ్ళీ తెచ్చినవాళ్ళు ఆ నవ్వును కత్తిరించలేదు, వాళ్ళ చేతులకు దండం పెట్టాలి. చివర ఒక పాటను ఇన్నేళ్ళ తర్వాత, వయసు మీద పడిన గొంతులతో మళ్ళీ పాడించి చేర్చారు. పడుచుతనంలో వణుకుతూ అడిగిన ‘నాతోనే ఉంటవా’ అన్న మాటనే, ఈసారి కూరలో ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా పాడారు. అది అయిపోగానే ఆ పిల్ల మళ్ళీ పెట్టమనేది, నేను పెట్టేదాన్ని.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "గిన్ని కొంటున్నవ్, ఏం జేస్తున్నవ్?"

"పెద్దమ్మ మక్క చేన్ల కట్టిన. ఎండకు తళతళ మెరుస్తయ్, చిలుకలు అటు దిక్కే రావు."

"ఇంటికాడ ఇనవా?"

"ఇంటికాడ ప్లేయరెక్కడిది?"

"మరెందుకు కొంటున్నవే!"

పైసలు గల్లా మీద పెట్టి, నా కండ్లల్లోకి చూసి అంది. "బోనీ గిరాకిని ఎల్లగొట్టవు గద."

మా ఇంటి చదువు మొత్తం ఆ క్షణాన మంటగలిసింది. నాయిన తల బయటపెట్టి, "ఏందే, మొఖం గట్ల ఎర్రగయింది, జరమా?" అన్నాడు.

సమ్మె ముగిసింది. డబ్బా ఖాళీ కాలేదు. అరలోకి హాట్‌ప్యాకులు వచ్చాయి, ఇంట్లోకి పెండ్లిళ్ళ పేరయ్య వచ్చాడు. బస్సెక్కుతూ ఆ పిల్ల, "మా భూపాలపల్లిల దుకాణాలు లేవా? గాడ అమ్ముకో," అంది. పేరయ్య రెండోసారి రాకముందే, మిగిలిన డబ్బా నెత్తిన పెట్టుకుని నేనూ బస్సెక్కాను. ఇప్పుడు ఇక్కడ, భూపాలపల్లిలో, ఆ పిల్లా నేనూ గాజులమ్ముతాం. దుకాణం ఇద్దరిదీ, ఇల్లూ ఇద్దరిదీ. సేటు ముందు బిగుసుకుని నిలబడ్డ ఆ పిల్లను, అంటే నన్ను, తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఒక్క పాట విని ఉంటే భయపడి కొనేదే కాదు.

ఇక లెక్క. డబ్బాలో కొన్ని మక్క చేలో పోయాయి, కొన్ని ఇక్కడి ఆడపిల్లలకు ఊరికే ఇచ్చాను. పెట్టిన పైసల్లో పావు వంతు కూడా తిరిగి రాలేదు. అర పోయింది, పేరయ్య తెచ్చిన రెండు సంబంధాలూ, మంచివే కావచ్చు, పోయాయి. నాయిన ఫోనులో "దుకాణం ఎట్ల నడుస్తున్నది?" అని మాత్రమే అడుగుతాడు. "మంచిగనే నాయినా," అంటాను. పెట్టుబడి ఆయనది, నష్టమంతా ఆయన పద్దులోనే పడింది. వచ్చిన లాభమంతా నాది. బోనీ గిరాకిని ఎల్లగొట్టకన్నది ఆయనే, ఆ లాభంలో ఆయన వాటా ఎంతో ఈనాటికీ ఆయనకు చెప్పలేదు.