సున్నం బాబాయ్ మీద కేసు

మా కాలేజీ మైదానంలో గీతలు గీసే ఆయన్ని అందరూ సున్నం బాబాయ్ అంటారు. తాడు కట్టి, దాని వెంట సున్నం పొడి పోసుకుంటూ ఆయన గీసిన గీత మీద కళ్లు మూసుకుని పరుగెత్తొచ్చట. ఈ మాట నాది కాదు, ఆయనదే. రోజుకి పదిసార్లు అంటాడు.

గీతల తర్వాత ఆయనకి అంత ప్రాణం మా క్రీడా విభాగం రూలొకటి. పోలీసు కేసున్నవాళ్లు, కేసు తేలేదాకా మైదానంలో అడుగు పెట్టకూడదు. ఆ విభాగంలో గుమాస్తాని నేను. టైపు చేయడం వరకే నా వంతు, కాపలా అంతా ఆయనదే. ప్రిన్సిపాల్‌గారైనా మరిచిపోతారేమో గానీ ఆయన మరవడు.

ఈ ఏడు ఆ రూలు జావెలిన్ విసిరే మా ఆఖరి సంవత్సరం అమ్మాయి మెడకి చుట్టుకుంది. పోటీలకి పది రోజుల ముందు, సాధనలో ఆ పిల్ల విసిరిన ఈటె కంచె దాటి, రోడ్డు పక్కన ఆగున్న పోలీసు జీపు టాపు చీల్చుకుని వెనక సీట్లో నిలబడింది. జీపులో ఎవరూ లేరు, దేవుడి దయ. ఇన్‌స్పెక్టర్ మాత్రం ఎదురుగానే టీ తాగుతున్నాడు. ప్రభుత్వ ఆస్తి ధ్వంసమని అక్కడికక్కడే కేసు రాసేశాడు.

కమిటీ కూర్చుంది.

"కేసుంది కదా, జాబితాలోంచి పేరు తీసెయ్యండి," అన్నారు ప్రిన్సిపాల్.

"కేసు పెట్టినంత మాత్రాన తప్పు చేసినట్టేనా సార్?" అన్నాడు కోచ్. "ఈ ఏడు పోతే ఆ పిల్లకి ఇంకో ఏడు లేదు."

"వద్దని ఎవరన్నారయ్యా? తేలేదాకా ఆగమంటున్నాం."

"తేలేసరికి దాని పిల్లలు జావెలిన్ విసురుతుంటారు సార్!"

రూలంటే అందరికంటే ముందు గొంతెత్తే బాబాయ్, ఆ రోజు గుమ్మం దగ్గర నిలబడి నీళ్లు నములుతున్నాడు. ఏంటి బాబాయ్ అన్నాను.

"ఆ పిల్ల నేను గీసిన గీతల మధ్యే విసిరిందమ్మా," అన్నాడు. "ఎప్పుడూ గోడ వైపుకే గీస్తాను. ఆ రోజు అటు నీళ్లు నిలిచాయని రోడ్డు వైపుకి తిప్పాను. కంచె ఎంత దూరముందో టేపు పెట్టి చూడలేదు. ముప్పై ఏళ్ల అనుభవం కదా, ఇంకా టేపెందుకని కంటితో కొలిచేశాను." ప్రిన్సిపాల్‌గారి వైపు తిరిగాడు. "తప్పు నాది సార్."

అందరం నోళ్లు తెరిచాం. తన గీత తప్పని ఆయన నోటితో ఆయనే ఒప్పుకోవడం ఆ మైదానం పుట్టాక జరగలేదు.

అదే మాట కాగితం మీద రాసి స్టేషన్‌కి పట్టుకెళ్లాడు. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి, కేసులో అమ్మాయి పేరు తీసేసి ఆయన పేరు రాసుకున్నాడు. ఆ పిల్ల పేరు జాబితాలో నిలిచింది. బాబాయ్ మైదానం గేటు తాళాలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఇవెందుకు బాబాయ్? రూలు ఆటగాళ్లకి!"

"కేసున్నవాళ్లని ఉంది, ఆటగాళ్లని లేదు. నువ్వే కదా టైపు చేశావు?"

ప్రిన్సిపాల్‌గారు బతిమాలినా వినలేదు. అంత మొండిఘటం!

పోటీల రోజు గేటు బయట ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. లోపల ఒక్కసారిగా కేకలు లేచాయి. నేను గేటు దాకా పరుగెత్తాను.

"మనమ్మాయే ఫస్టు బాబాయ్!"

ఆ వయసులో ఆయన ఎగిరిన ఎగురుకి చెప్పు ఊడి పక్కన పడింది. పడీపడీ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఎందుకో ఆగిపోయాడు.

"పదకొండేళ్ల కిందట ఒక గోల్‌కీపర్ని నేనే చెయ్యి పట్టుకుని బయటికి పంపానమ్మా. కొట్లాట కేసు. ఫైనల్ అయ్యేదాకా వాడు ఇక్కడే నిలబడ్డాడు. రెండు నెలలకి ఆ కేసు కొట్టేశారు, అప్పటికే వాడి చదువు అయిపోయింది." ఊచల మీంచి చేతులు తీశాడు. "ఎండలో అంతసేపు నిలబడ్డాడా, కాసిని మంచినీళ్లు కూడా ఇవ్వలేదమ్మా వాడికి."