ఆషాఢంలో ఊటీ టికెట్లు

అమీర్‌పేటలో అరుణాదేవి లేడీస్ హాస్టల్ ఎక్కడంటే ఆ చుట్టుపక్కల ఏ ఆటో అతనైనా చెబుతాడు. తణుకు నుంచి వచ్చిన ఏడాదే పెట్టిన హాస్టల్ అది. కంప్యూటర్ కోర్సులకని వచ్చే ఆడపిల్లలతో మూడంతస్తులూ ఎప్పుడూ కిటకిటలాడుతూ ఉంటాయి. పిల్లని దింపడానికి వచ్చిన ప్రతి తండ్రికీ ఆవిడ ఒక మాట ఇస్తుంది. రాత్రిపూట ఇంట్లో నేనైనా ఉంటాను, మా వంటమనిషి వజ్రమ్మైనా ఉంటుంది, మీరు నిశ్చింతగా వెళ్ళండి అని. ఆ తండ్రులు నిశ్చింతగానే వెళ్ళేవారు. కదలడానికి వీల్లేకుండా పోయింది ఆవిడకే.

ఆవిడకు ఒక్కటే కోరిక. ఊటీ కొండ రైలెక్కాలి. పెళ్ళయిన కొత్తలో ఎవరో చెప్పగా విన్నది మొదలు, అది మనసులో అలాగే ఉండిపోయింది. భర్త రాఘవయ్యకు పంజాగుట్టలో ఆఫీసు. మంచి మనిషే కానీ, దేన్నైనా ఖాయం చేయాలంటే ఆయనకు చెమటలు పడతాయి.

"ముందే టికెట్లెందుకే? అక్కడికి వెళ్ళాక చూసుకుందాం" అనేవారు ఏటా. ఈలోగా ఓ పిల్లకు టైఫాయిడ్ వచ్చేది, లేదా నీళ్ళ మోటారు కాలిపోయేది. ప్రయాణం ఆగిపోయేది. దాని గురించి ఎవరూ మళ్ళీ మాట్లాడేవారు కాదు, ఆవిడతో సహా.

ఆ ఏడు అలా ఆగిపోకుండా మంజూష అడ్డుపడింది. ఏలూరు పిల్ల, ఉద్యోగం వచ్చినా హాస్టల్ వదల్లేదు. కంపెనీ వాళ్ళిచ్చిన లాప్‌టాప్ వంటింటి గట్టు మీద తెరిచి, "ఆంటీ, ఆ రైలుకి ముందే బుక్ చేసుకోవాలి. అక్కడికెళ్ళి నిలబడితే దొరకదు. ఏ తేదీకి చెయ్యమంటారు?" అంది.

"ఇప్పుడే ఎందుకమ్మాయ్? మధ్యలో ఏదైనా వస్తే?" అన్నారు రాఘవయ్య గుమ్మంలోంచి.

"ఏదో ఒకటి వస్తుందనే కొనమంటున్నానండీ. కొంటే కదా కదిలేది" అంది అరుణాదేవి. ఇంత మాట తన నోటినుంచి వచ్చినందుకు ఆవిడకే ఆశ్చర్యమేసింది.

తేదీ కూడా ఆవిడే ఆలోచించి పెట్టింది. ఆషాఢం. శూన్యమాసంలో కొత్త చోట పిల్లని దింపరు, హాస్టల్ కాస్త పల్చబడుతుంది. అంతకంటే తెరిపి ఎప్పుడు దొరుకుతుంది? వజ్రమ్మతో ఆషాఢంలో వెళ్తున్నామంటే, "పోయి రండ్రి అమ్మా, నేనున్న గద, జర గూడ ఫికర్ చెయ్యకుండ్రి" అంది. ఏ రోజు అని ఆమె అడగలేదు, ఈవిడ చెప్పనూ లేదు.

ఆ తర్వాత అరుణాదేవి స్వెటర్లు కొంది. టికెట్ కాగితం మీద తన పేరూ వయసూ చదువుకుని చిన్నపిల్లలా నవ్వుకుంది.

ప్రయాణానికి వారం ముందు వజ్రమ్మ బియ్యం ఏరుతూ, ఆ ఆదివారం పగలూ రాత్రీ సెలవు కావాలంది.

"ఆదివారమా? మేము బయలుదేరేది ఆ రోజే కదా వజ్రమ్మా!"

వజ్రమ్మ చేయి చేటలోనే ఆగిపోయింది. "అయ్యో, గప్పుడేనా? బల్కంపేట ఎల్లమ్మకు బోనం ఉన్నదమ్మా. మా కొడుకు మహిపాల్ బండి మీదికెళ్ళి కింద పడి బతికిండు గద, గప్పుడు మొక్కిన. ఆషాఢం అంటే బోనాలే గద, మీకు ఎరుకే అనుకున్న."

ఎరుకే. పదిహేనేళ్ళుగా ఆ డప్పులు వింటూనే ఉంది. అయినా తేదీ పెట్టేటప్పుడు మాత్రం తణుకు ఆషాఢమే గుర్తొచ్చింది. ఇంకో రోజుకి మార్చమంటే మంజూష వెతికి వెతికి తల అడ్డంగా ఊపింది. ఆ నెలంతా రైలు నిండిపోయింది. శ్రావణం వస్తే కొత్త పిల్లలు దిగుతారు. ముక్కూ మొహం తెలియని మనిషికి ఆడపిల్లల్ని అప్పగించడానికి ప్రాణం ఒప్పలేదు. అరుణాదేవికి ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

"గట్ల మొఖం పెట్టకుండ్రి అమ్మా" అంది వజ్రమ్మ. "మీరు పోయి రండ్రి. మొక్కు యాడికి పోతది? వచ్చే ఏడు చెల్లిస్త."

సరే అన్న మాట అరుణాదేవి నాలుక చివరిదాకా వచ్చింది. వజ్రమ్మ మాత్రం తల వంచుకుని మళ్ళీ బియ్యం ఏరుతోంది. ఆ తల వంచుకోవడం ఎలా ఉంటుందో అరుణాదేవికి తెలుసు. ఏటా వేసవిలో తనూ ఇలాగే పనిలో పడిపోయేది.

"బోనం ఎత్తుకో వజ్రమ్మా. ఆపకు" అంది చివరికి.

ఆదివారం మధ్యాహ్నం బల్కంపేట వైపు నుంచి డప్పులు వినిపిస్తున్నాయి. అరుణాదేవి ఒక్కతే పిల్లలందరికీ పప్పుకి తిరగమోత పెడుతోంది. రాఘవయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చారు. ఓదార్చాలనే వచ్చారు పాపం, మాట అలా రాలేదు.

"అందుకేనే ముందే కొనొద్దన్నాను. కొనకపోతే ఈ బాధ ఉండేదా?"

అరుణాదేవి స్టవ్ కట్టేసింది.

"ఉండేది కాదండీ. కొన్నాను కాబట్టి, ఎల్లుండి పొద్దున ఆ రైలు నా సీటు ఖాళీగా పెట్టుకుని కొండెక్కుతుందని తెలుస్తోంది. ఇన్నేళ్ళూ ఎన్నిసార్లు వెళ్ళిపోయిందో నాకు తెలియను కూడా తెలియదు."