పోయొస్తనని చెప్పని కారు

బిచ్యా కారు ఎక్కడెక్కడ నిలబడిందో తెలుసుకోవాలంటే బూర్గంపాడులో ఎవరినీ అడగక్కర్లేదు, నేల చూస్తే చాలు. తెల్ల అంబాసిడర్. ఆగిన చోటల్లా అరచేయంత ఆయిలు మరక వదిలిపోయేది. వాకిలి అలుక్కునే కమ్లికి ఆ మరకతో పదేళ్ల వైరం. "గా కారునన్న బాగు జేపియ్యి, లేకుంటే నన్నన్న మా అవ్వగారింటికి తోలు" అనేది మొగుడితో. బిచ్యా ఆ రెండింటిలో ఏదీ చేయలేదు.

వాళ్ల తండాలో స్టీరింగు పట్టిన మొదటివాడు బిచ్యా. నాలుగు మాటలు అడిగితే ఒక మాట చెప్పే మనిషి. ఆ ఒక్క మాటా అబద్ధమై ఉండదని మాత్రం ఊరంతా ఒప్పుకుంటుంది. ఊరి పక్కన ఉన్న కేంద్ర ప్రభుత్వపు పెద్ద ప్రాజెక్టులో వెంకటప్పయ్య అనే ఇంజనీరు దగ్గర అతని కారు నెలకిరాయికి కుదిరింది. పొద్దున ఎనిమిదింటికి కాలనీ క్వార్టరు ముందు నిలబెడితే చీకటి పడేదాకా అక్కడే.

వెంకటప్పయ్యది మధిర వైపు. భార్య హైమ. వాళ్లకు పిల్లలు లేరు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లూ చివరికి ఆ మాటే తీస్తారని ఆమె ఇరుగుపొరుగుకు పోవడమే మానేసింది. ఒకరోజు కారు దగ్గరికి వచ్చి, "మీ తండాలో కుక్కపిల్ల ఏదైనా ఉంటే తెచ్చిపెట్టు బిచ్యా" అంది.

మర్నాడే తెచ్చాడు. కారులో పడుకోబెట్టి కాదు, చొక్కా లోపల వేసుకుని, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని తెచ్చాడు. ఆరు కిలోమీటర్లూ అది అతని పొట్ట గీరుతూనే ఉంది.

"ఇదేంటయ్యా, ఊపిరాడక చచ్చిపోదూ?"

"దారి జూస్తే మల్ల తల్లి కాడికే ఉర్కుతదమ్మా. అందుకే కండ్లు మూసి తెచ్చిన."

ఆ తండాలో అది పెద్దల నాటి పద్ధతి. కోడినైనా, మేకపిల్లనైనా ఇల్లు మార్చేటప్పుడు కళ్లు కప్పాల్సిందే. దారి చూసిన ప్రాణి దారి పడుతుంది అంటారు. పిల్ల పారిపోలేదు, కాబట్టి పద్ధతి నిజమే అయింది.

హైమ దానికి భీముడని పేరు పెట్టింది. గిన్నెలో పెరుగన్నం, కాళ్లు తుడవడానికి వేరే తువ్వాలు, జ్వరమొస్తే భద్రాచలం పశువుల దవాఖానా, అన్నీ ఆమే చూసింది. భీముడు మాత్రం పగలంతా అంబాసిడర్ కింద నీడలో పడుకునేవాడు. గోధుమరంగు వీపు మీద ఎప్పుడూ నల్లటి ఆయిలు చుక్క. ఆదివారం ఆమె సబ్బుపెట్టి రుద్దితే సోమవారానికి మళ్లీ తయారు. సాయంత్రం ఇంజను వేసే ముందు బిచ్యా కిందకు వంగి, "పోయొస్త భీమన్నా" అనేవాడు. ఆ మాట వింటే భీముడు ఒళ్లు విరుచుకుని బయటికి వచ్చి, తోక ఊపుకుంటూ ఇంట్లోకి పోయేవాడు. ఆ మాట అనకుండా హారన్ కొట్టినా, తోక పట్టి లాగినా కదిలేవాడు కాదు. కొన్నాళ్లకు పండు అనే పిల్లి కూడా ఆ ఇంటికి చేరింది. దాన్ని ఎవరూ తేలేదు, తనకు తానే వచ్చి వంటింట్లో స్థిరపడింది.

ఏడేళ్లకు క్వార్టరు కప్పు కురవడం మొదలై, సారువాళ్లు గోదావరి దాటి భద్రాచలంలో అద్దెకు దిగారు. బిచ్యా పొద్దున్నే సారును తెచ్చి దింపి, ఖాళీ క్వార్టరు దాకా పోకుండా కారును పాత కాలనీ గేటు పక్కనే పెట్టుకునేవాడు. వారం తిరక్కుండా భీముడు వంతెన మీదుగా నడిచి కాలనీ గేటు దగ్గర తేలాడు. బిచ్యా ఎక్కించుకుపోయి దింపి వచ్చాడు. మళ్లీ వచ్చాడు. మూడోసారి వంతెన మీద లారీ కొట్టి వెనక కాలు విరిగింది. ఆ కాలు ఈడ్చుకుంటూనే గేటు దాకా వచ్చి పడిపోయాడు.

"పిల్లి ఇంటిని మరుగుతుంది, కుక్క మనిషిని మరుగుతుంది అంటారు కదా" అంది హైమ, కట్టు కట్టిన కాలును ఒళ్లో పెట్టుకుని. "నేనిక్కడుంటే వీడు ఆ ఖాళీ క్వార్టరుకెందుకు పోతాడు?"

"దారి జూసిండు గదమ్మా. ఇల్లు మారినప్పుడు సామాన్ల లారీ ఎనక డాలాల కూసోని వంతెన దాటిండు" అన్నాడు బిచ్యా. ఆనాటి నుంచి భీముణ్ణి గొలుసుతో కట్టేసి ఉంచారు.

రెండు వేల నాలుగు ఎండాకాలంలో సారుకు రాజస్థాన్ బదిలీ వచ్చింది. ఆయన రైల్లో ముందుగా పోయి డ్యూటీలో చేరాడు. సామాను లారీలో పోయింది. రైల్లో జంతువులను వేరే పెట్టెలో వేయాలన్నారని, హైమ రైలు వద్దంది. "కారులోనే పోదాం బిచ్యా. పండు సంగతి నాకు దిగుల్లేదు. వీడు అక్కడి నుంచి వెనక్కి బయల్దేరాడంటే ఈసారి కాలుతో పోదు, ప్రాణం పోతుంది. నేను బతకలేను" అంది. అన్నాక కళ్లు తుడుచుకుంది.

నాలుగు రోజుల దారి. బిచ్యా అప్పటిదాకా హైదరాబాదు దాటి ఎరగడు. అయినా అతని దిగులు దారి గురించి కాదు, భీముడికి ఆ దారి కనబడకుండా చేయడం ఎట్లా అన్నదే. చొక్కాలో పట్టే వయసు కాదు మరి. కమ్లి పాత చీరలు రెండు తెచ్చి వెనక అద్దాలకు, ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య అడ్డంగా కట్టింది. భీముణ్ణి కారు చుట్టూ మూడు చుట్లు తిప్పి, దిక్కు మరవమని చెప్పి ఎక్కించింది. మొగుడితో, "మన తాతలు ఆ దిక్కు నుంచే ఎడ్ల మీద ఉప్పు ఏసుకోని వచ్చిన్రంట. జర అంతా సూసి రా" అంది.

చూసింది బిచ్యా ఒక్కడే. వెనక చీకట్లో కుక్కతో కూర్చున్న హైమకు ఖమ్మం, వరంగల్లు, ఆదిలాబాదు అన్నీ ఒకే నీలం చీర. పండు ముందు సీట్లో బుట్టలో పడుకుని రాష్ట్రం దాటింది. లేచి, పాలు తాగి, మళ్లీ పడుకుంది. ఎవరికీ లేని సుఖం దానిది.

భీముడు మొదటి రోజు అన్నం ముట్టలేదు. రెండో రోజు నీళ్లు కూడా ముట్టలేదు. నాగపూర్ దాటేసరికి కారు లోపల కుంపటిలా ఉంది. భీముడు నాలుక వేలేసి, కళ్లు తేలేసి రొప్పుతున్నాడు. హైమ తడిగుడ్డ వేస్తూ, "బిచ్యా, వీడు పోయేట్టున్నాడు" అని అరిచింది.

రోడ్డు పక్కన చేతిపంపు దగ్గర బిచ్యా కారు ఆపాడు. చీరలు తీస్తే దారి చూస్తాడు. తీయకపోతే దారిలోనే పోతాడు. పెద్దల మాట ఒక పక్క, కుక్క ఊపిరి ఒక పక్క. అతను బీడీ ముట్టించి, కాల్చకుండానే పారేశాడు. తర్వాత చీరలు రెండూ పీకి డిక్కీలో వేశాడు.

"సూడనీ తియ్యమ్మా. ముందు బతకనీ."

గాలి తగిలాక భీముడు నీళ్లు తాగాడు. సాయంత్రానికి నాలుగు బిస్కెట్లు తిన్నాడు. మిగతా రెండు రోజులూ కిటికీ మీద గదుమ పెట్టి, చెట్టూ పుట్టా, మైలురాయీ ఏదీ వదలకుండా చూస్తూ కూర్చున్నాడు. అద్దంలో అది చూసినప్పుడల్లా బిచ్యా చూపు రోడ్డు మీదకు తిప్పుకునేవాడు.

రాజస్థాన్‌లో ఒక దాబాలో రొట్టెను బాటి అంటుంటే విన్నాడు. తండాలో అతని తల్లీ ఆ మాటే అనేది. ఇంకోసారైతే ఆ ముచ్చట కూర్చుని చెప్పుకునేవాడే. ఇప్పుడు అతని మనసంతా కుక్క మీదే ఉంది.

కొత్త కాలనీలో సారు ఎదురొచ్చాడు. పండు నేరుగా వంటిల్లు వెతుక్కుంది. భీముణ్ణి గొలుసుతో కట్టారు. బిచ్యా రెండు రోజులు ఉండి, అలసట తీరాక బయల్దేరదామనుకున్నాడు. రెండో రోజు పొద్దున హైమ లేచేసరికి గొలుసు తెగి ఉంది. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా గేటుకు పరిగెత్తింది. సారు రోడ్డు మీదకు, బిచ్యా వెనక వీధిలోకి. ఎక్కడా లేడు.

తిరిగొచ్చి చూస్తే అంబాసిడర్ కింద ఉన్నాడు. వీపు మీద ఆయిలు చుక్కతో, హాయిగా నిద్రపోతూ.

అందరూ నవ్వారు. ముందు నవ్వు ఆపింది హైమ. "బిచ్యా, వంతెన దాటి వచ్చినప్పుడు వీడు నీకు ఎక్కడ దొరికేవాడు? క్వార్టరు ముందరా?"

"లేదమ్మా. గేటు కాడ."

"గేటు దగ్గర ఎక్కడ?"

బిచ్యాకు అప్పుడు వెలిగింది. మూడుసార్లూ కారు కిందే. విరిగిన కాలుతో వచ్చింది కూడా అక్కడికే. నేల వైపు చూస్తూ, "కారు కింద" అన్నాడు.

హైమ మెట్టు మీద కూర్చుండిపోయింది. "తొమ్మిదేళ్లు అన్నం పెట్టింది నేను" అంది. ఆ మాటలో కోపం కొంచెమే, మిగతా అంతా ఏడుపు. బిచ్యాకు సిగ్గేసింది. తనది కాని సొమ్ము జేబులో దొరికినట్టు నిలబడ్డాడు.

"నీ వెంట తీసుకుపోతావా?" అని ఆమే అడిగింది, కాసేపటికి.

"ఒద్దమ్మా. మల్ల నాలుగు రోజులు ఆ ఎండల బతకడు. మీ కాడ్నే ఉండాలె."

"అయితే ఇక్కడ ఇంజను వేయకు. వాడు లోపల అన్నం తింటున్నప్పుడు పో. ఆ పోయొస్త అనే మాట ముందే చెప్పు, ఊరుకుంటాడు."

బిచ్యా తల అడ్డంగా ఊపాడు. "పోయొస్త అంటే మల్ల రావాలె గదమ్మా. రానోన్ని ఎట్ల అంట?"

మధ్యాహ్నం హైమ తలుపు వేసి భీముడికి అన్నం పెడుతుంటే, సారు, వాచ్‌మన్, బిచ్యా ముగ్గురూ కలిసి అంబాసిడర్‌ను చప్పుడు లేకుండా గేటు బయటికి, మలుపు దాటేదాకా నెట్టారు. అక్కడ ఇంజను వేశాడు. తిరుగుదారి అంతా వెనక సీటు కనబడే అద్దాన్ని పైకి తిప్పి పెట్టుకున్నాడు.

ఇంటికి చేరిన ఆదివారం ఎస్టీడీ బూత్ నుంచి సారు సెల్లుకు ఫోన్ చేశాడు. హైమ ఎత్తింది.

"పారిపోలేదు బిచ్యా. అసలు గేటే దాటడు. కారు నిలబెట్టిన చోట ఆయిలు మరక ఉంది చూడు, దాని మీదే పడుకుంటున్నాడు, ఎండలో. అన్నం అక్కడికే తీసుకుపోయి పెడుతున్నా. ఎంత పిలిచినా లేవడు."

బిచ్యా బూత్‌లో ఉన్నవాళ్లకు వీపు తిప్పి నిలబడ్డాడు.

"అమ్మా, ఫోన్ జర వాని చెవి కాడ పెట్టుండ్రి."

అడుగుల చప్పుడు వినబడింది, తర్వాత రొప్పు వినబడింది.

"పోయొస్త భీమన్నా" అన్నాడు.

తర్వాత హైమ గొంతు. "లేచాడు బిచ్యా. ఒళ్లు విరుచుకున్నాడు... లోపలికి పోతున్నాడు."

బిచ్యా ఇంటికి వచ్చేసరికి కమ్లి వాకిట్లో మరక మీద మట్టి పోస్తూ, ఎప్పటి మాటే అంది. "గా కారు ఎన్నడు బాగు జేపిస్తవ్?"

"రేపే జేపిస్త" అన్నాడు బిచ్యా. "దూరం పోవాలె. పోయొస్తనని చెప్పిన."